ఊపిరితిత్తిలో ఆడ హార్మోన్‌కి ఏం పని? ఒక రిసెప్టర్ పరీక్ష వెనక చరిత్ర



మన గుంపులో కొన్నాళ్ళుగా ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది. బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం... అడిగేవాళ్ళ ఊళ్ళు వేరు, మాట మాత్రం ఒకటే. "మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక బీడీ ముట్టలేదండీ, ఆమెకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎట్లా వస్తుంది?" దాని వెనకే రెండో ప్రశ్న. "హార్మోన్ రిసెప్టర్ల పరీక్ష చేయిస్తే మనిషి ఎన్నాళ్ళుంటుందో తెలిసిపోతుందట, నిజమేనా? చేయించమంటారా?"

మేము డాక్టర్లం కాము. ఏ మందు వాడాలో, ఏ పరీక్ష మానాలో చెప్పే అర్హత మాకు లేదు. అయితే ఈ రెండో ప్రశ్న వెనక నూట ముప్పై ఏళ్ళ చరిత్ర ఉంది. అది తెలిస్తే డాక్టరు గారి ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. కాస్త పెద్ద వ్యాసమే. తీరిక చూసుకుని చదవండి.

కథ గ్లాస్గోలో మొదలవుతుంది. జార్జ్ బీట్సన్ అనే స్కాట్లండ్ సర్జన్ తన డాక్టరేటు కోసం పాలు పడటం గురించి చదువుతూ ఒక సంగతి తెలుసుకున్నాడు. కొన్ని దేశాల్లో రైతులు ఆవు ఈనిన తరవాత దాని అండాశయాలు తీయించేస్తారనీ, అప్పుడు ఆ ఆవు చాలా కాలం పాలిస్తూనే ఉంటుందనీ. ఎక్కడో కడుపులో ఉన్న అండాశయానికి ఎక్కడో ఉన్న పొదుగుతో సంబంధమేమిటి? నరమేమీ కలపడం లేదు కదా? పాడి ఎరిగిన మన పెద్దలకైతే ఇది వింతగా అనిపించదేమో కానీ, అప్పటి వైద్యానికి ఇది పెద్ద చిక్కుముడి. శరీరంలో ఏ పనైనా నరాల ద్వారానే జరుగుతుందని నమ్మిన కాలం అది. హార్మోన్ అనే మాటే ఇంకా పుట్టలేదు. ఆ మాటని స్టార్లింగ్ లండన్‌లో వాడింది 1905లో.

1895లో బీట్సన్ దగ్గరికి 33 ఏళ్ళ స్త్రీ వచ్చింది. రొమ్ము తీసేసినా క్యాన్సర్ ఛాతీ గోడ మీద మళ్ళీ పాకింది. ఇక కోయడానికి ఏమీ మిగల్లేదు. బీట్సన్ ఆమె అండాశయాలు తీసేశాడు. నెలలు గడిచేకొద్దీ గడ్డలు కరిగిపోయాయి. 1896లో ఆయన దీన్ని లాన్సెట్ పత్రికలో రాశాడు. ఆమె నయమైపోలేదు, కానీ దాదాపు నాలుగేళ్ళు బతికింది. చేతులెత్తేసిన జబ్బులో నాలుగేళ్ళంటే మాటలు కాదు.

ఇక్కడ మా సొంత ముచ్చట ఒకటి. ఆ 1895లోనే భీమవరంలో ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టారు. ఆయన మదరాసు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళి, క్యాన్సర్ మీద వేరే దారి తెరిచారు. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందుల దారి. అమినోప్టెరిన్, ఆ తరవాత మెథోట్రెక్సేట్. ఆ దారికీ మనం చెప్పుకుంటున్న హార్మోన్ దారికీ నేరుగా సంబంధం లేదు. కానీ క్యాన్సర్‌ని కత్తితో కాక రసాయనంతో లొంగదీయవచ్చన్న నమ్మకం ఈ రెండు దారుల్లోనూ పెరిగింది. ఆ రెండో దారిలో మనవాడు నడిచాడని చెప్పకుండా ఉండలేకపోయాం.

సరే, మళ్ళీ కథలోకి. బీట్సన్ మాట విని చాలామంది సర్జన్లు అదే ఆపరేషన్ చేశారు. లండన్‌లో స్టాన్లీ బాయిడ్ అనే సర్జన్ అప్పటిదాకా జరిగిన కేసులన్నీ పోగుచేసి లెక్క కడితే, మూడో వంతు మందికే లాభం కనబడింది. మిగతా రెండు వంతుల మంది ఊరికే కోత కోయించుకున్నట్టు. ఎవరు ఆ మూడో వంతులో ఉంటారో ముందు చెప్పే దారి లేదు. ఈ "మూడో వంతు" లెక్క అరవై ఏళ్ళకు పైగా వైద్యుల్ని వెంటాడింది. మనం ఇవాళ మాట్లాడే రిసెప్టర్ పరీక్ష అంతా ఆ ప్రశ్నకి జవాబు వెతకడంలోనే పుట్టింది.

మధ్యలో చాలా జరిగింది. 1929లో ఈస్ట్రోజెన్ జాతి హార్మోన్‌ని మొదటిసారి శుద్ధంగా వేరుచేశారు. 1941లో షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ ప్రోస్టేట్ క్యాన్సర్‌కి మగ హార్మోన్ ఆపితే గడ్డ తగ్గుతుందని చూపించాడు. దానికి 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. 1950లలో రొమ్ము క్యాన్సర్ ముదిరిన స్త్రీలకి అడ్రినల్ గ్రంథులు కూడా తీసేయడం మొదలుపెట్టారు. అది చిన్న ఆపరేషన్ కాదు. జీవితాంతం మందుల మీద బతకాలి. అందులోనూ ఎక్కువమందికి లాభం లేదు.

అదే షికాగోలో హగ్గిన్స్ దగ్గర ఎల్వుడ్ జెన్సెన్ అనే రసాయన శాస్త్రవేత్త పనిచేసేవాడు. ఆయనకి కొండలెక్కే పిచ్చి. స్విట్జర్లాండ్‌లో చదువుకుంటున్నప్పుడు మాటర్‌హార్న్ శిఖరం ఎక్కాడు. ఆ శిఖరాన్ని మొదట ఎక్కిన ఎడ్వర్డ్ వింపర్ ఇటలీ వైపు నుంచి ఎన్నిసార్లు ప్రయత్నించినా ఓడిపోయి, చివరికి 1865లో స్విట్జర్లాండ్ వైపు నుంచి ఎక్కి గెలిచాడు. అందరూ వెళ్ళే దారి వదిలి అవతలి వైపు నుంచి చూడాలన్న బుద్ధి అక్కడి నుంచే వచ్చిందని జెన్సెన్ చెప్పుకునేవాడు.

అప్పట్లో అందరూ అడిగే ప్రశ్న: హార్మోన్ కణాన్ని ఏం చేస్తుంది? జెన్సెన్ దాన్ని తిరగేసి, కణం హార్మోన్‌ని ఏం చేస్తుంది అని అడిగాడు. హెర్బర్ట్ జాకబ్‌సన్‌తో కలిసి ఈస్ట్రడయోల్ అణువుకి ట్రిటియం అనే రేడియోధార్మిక గుర్తు తగిలించి, అతి కొద్ది మోతాదులో ఎలుక పిల్లలకి ఎక్కించాడు. రక్తంతో పాటు హార్మోన్ ఒళ్ళంతా తిరిగింది. కండరంలోకి వెళ్ళింది, వచ్చేసింది. కాలేయంలోకి వెళ్ళింది, వచ్చేసింది. గర్భసంచిలోకి వెళ్ళినది మాత్రం అక్కడే ఉండిపోయింది. పైగా అణువు ఏమీ మారలేదు, వెళ్ళినది వెళ్ళినట్టే ఉంది. హార్మోన్ ఏదో రసాయన చర్యలో ఖర్చైపోయి పనిచేస్తుందన్న అప్పటి సిద్ధాంతం దీనితో నిలబడలేదు. దాన్ని పట్టి ఉంచేది ఆ కణాల్లోనే ఏదో ఉండాలి. అదే రిసెప్టర్. తెలుగులో గ్రాహకం అని రాస్తున్నారు. ఊరంతా చాటింపు వేసినా, పేరున్న ఇంటి తలుపే తెరుచుకున్నట్టు అనుకోండి.

1958లో వియన్నాలో జరిగిన పెద్ద జీవరసాయన సభలో జెన్సెన్ ఈ సంగతి చెప్పాడు. వినడానికి వచ్చింది ఐదుగురు, అందులోనూ ముగ్గురు తమ వంతు కోసం కూర్చున్న వక్తలేనని ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. మన సంఘం సర్వసభ్య సమావేశాలకి రాని వాళ్ళ మీద కోపం వచ్చినప్పుడు మేము ఈ మాట గుర్తు చేసుకుంటాం.

1971కి వచ్చేసరికి జెన్సెన్ బృందం రొమ్ము గడ్డ ముక్కల్లోనే ఈ రిసెప్టర్ ఉందో లేదో కొలవడం మొదలుపెట్టింది. రిసెప్టర్ లేని గడ్డలున్న స్త్రీలకి అడ్రినల్ ఆపరేషన్ వల్ల దాదాపు ఎవరికీ లాభం లేదు. ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఉంది. పాత మూడో వంతు లెక్కకి జవాబు దొరికింది. ఎంతోమంది ఆడవాళ్ళు అనవసరపు కోత తప్పించుకున్నారు.

దాదాపు అప్పుడే మందు కూడా వచ్చింది. ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీలో డోరా రిచర్డ్‌సన్ 1962లో తయారుచేసిన ఒక పదార్థాన్ని మొదట గర్భనిరోధక మాత్రగా వాడదామనుకున్నారు. ఆ పనికి అది రాలేదు. అదే ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌కి అడ్డుపడే టామోక్సిఫెన్. 1977 చివర్లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌కి అనుమతి వచ్చింది. మన ఇళ్ళలో ఎంతమంది అక్కచెల్లెళ్ళు, పిన్నులు, అత్తయ్యలు ఆ చిన్న మాత్ర ఐదేళ్ళు, పదేళ్ళు మింగి ఇవాళ మనవల్ని ఎత్తుకుంటున్నారో లెక్క లేదు.

ముందుకు వెళ్ళేలోపు ఒక తేడా చూడాలి. మన గుంపులో జరిగే తికమకంతా దీని దగ్గరే. రిసెప్టర్ లాంటి గుర్తులు రెండు పనులు చేయగలవు. మొదటిది, చికిత్స ఏదైనా సరే, జబ్బు మొత్తం మీద ఎటు పోతుందో అంచనా ఇవ్వడం. దాన్ని ప్రోగ్నోస్టిక్ గుర్తు అంటారు. రెండోది, ఫలానా మందు ఈ గడ్డ మీద పనిచేస్తుందా లేదా చెప్పడం. అది ప్రిడిక్టివ్ గుర్తు. మొదటిది జాతకం లాంటిది, తెలుసుకున్నా చేయగలిగింది తక్కువ. రెండోది చేతికి తాళంచెవి ఇచ్చినట్టు. రొమ్ము క్యాన్సర్‌లో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ రెండు పనులూ చేస్తుంది, రెండోది మరీ బాగా చేస్తుంది. అందుకే దానికి అంత విలువ. ఊపిరితిత్తి క్యాన్సర్‌లో అది ఏ పని చేస్తుందన్నదే నలభై ఏళ్ళుగా నలుగుతున్న వివాదం.

అసలు ఊపిరితిత్తిలో ఆడ హార్మోన్ కోసం ఎవరైనా ఎందుకు వెతికారు? కారణాలున్నాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అదే దశలో ఉన్న మగవాళ్ళకన్నా ఆడవాళ్ళు కొంచెం ఎక్కువ కాలం బతుకుతున్నారని చాలా దేశాల లెక్కల్లో కనబడింది. పొగ తాగని వాళ్ళలో వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆడవాళ్ళలో ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద ఈ జబ్బు వచ్చిన స్త్రీలలో సగానికి పైగా కేసులు పొగ తాగడం వల్ల వచ్చినవి కావని ఒక అంచనా ఉంది. మగవాళ్ళలో అది ఆరో వంతు కూడా కాదు. పొగ తాగని వాళ్ళలో వచ్చేది ఎక్కువగా అడినోకార్సినోమా అనే రకం.

మొదటి ప్రశ్నకి జవాబులో కొంత ఇక్కడే ఉంది, హార్మోన్ ఒక్కటే కాదు. కట్టెల పొయ్యి పొగని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం "బహుశా క్యాన్సర్ కారకం" జాబితాలోనూ, ఇంట్లో కాల్చే బొగ్గు పొగని "క్యాన్సర్ కారకమే" జాబితాలోనూ పెట్టింది. 2013లో బయటి గాలి కాలుష్యాన్ని కూడా ఆ రెండో జాబితాలో చేర్చింది. మన అమ్మమ్మలు తలుపులు మూసిన వంటింట్లో ఊదుగొట్టంతో ఊదుతూ ఎంత పొగ మింగారో మనకి తెలుసు. బరంపురం, శ్రీకాకుళం వైపు చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు వేరే సంగతి. అది ముఖ్యంగా అంగిలి క్యాన్సర్ తెస్తుంది. షోలాపూరులో మన పద్మశాలి ఆడవాళ్ళు వేలల్లో బీడీలు చుడతారు, తాగరు. వాళ్ళ కథ వేరే వ్యాసానికి ఉంచుతాం.

1980లలో కొన్ని ప్రయోగశాలలు ఊపిరితిత్తి గడ్డల్ని నూరి, రొమ్ము గడ్డకి వాడే పద్ధతిలోనే ఈస్ట్రోజెన్ రిసెప్టర్ కొలిచాయి. కొందరికి కనబడింది, కొందరికి అసలు కనబడలేదు, ఒకరి లెక్క ఒకరితో కలవలేదు. తరవాత యాంటీబాడీలతో రంగు వేసి చూసే పద్ధతి వచ్చింది. అప్పుడూ అదే గొడవ. ఒక దశలో ఊపిరితిత్తిలో ఈస్ట్రోజెన్ సంగతి వట్టి పొరపాటు అని చాలామంది వదిలేశారు.

1996లో స్వీడన్‌లో కరొలిన్‌స్కా సంస్థలో జార్జ్ కైపర్, యాన్-ఓకె గుస్టాఫ్‌సన్ బృందం రెండో ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ని కనిపెట్టింది. అదీ ఎలుక ప్రోస్టేట్‌లో, మగ అవయవంలో! పాతదానికి ఆల్ఫా అని, కొత్తదానికి బీటా అని పేరు పెట్టారు. దాంతో అందరికీ ఒక ఆశ కలిగింది. ఊపిరితిత్తిలో ఉన్నది ఈ బీటాయేమో, మనం ఇన్నాళ్ళూ ఆల్ఫా కోసం వెతకడం వల్ల దొరకలేదేమో అని. 2003లో బీటా లేని ఆడ చిట్టెలుకల్లో గాలి తిత్తులు సరిగా ఏర్పడలేదని చూపించారు. ఊపిరితిత్తికీ బీటాకీ సంబంధం ఉందన్న నమ్మకం బలపడింది.

2005లో ఒక్కసారిగా పత్రాలు వచ్చిపడ్డాయి. జపాన్‌లోని అకిటా బృందం ఆల్ఫా ఉండి బీటా లేని గడ్డలున్నవాళ్ళు తక్కువ కాలం బతికారని రాసింది. అక్కడ ఆల్ఫా కనబడింది కేంద్రకంలో కాదు, బయట కణద్రవ్యంలో. తైవాన్‌లో ఆపరేషన్ చేయించుకున్న 301 మందిని చూసిన వాళ్ళు బీటా ఉంటే మేలన్నారు. డెట్రాయిట్ బృందం ఇంకో మెలిక పెట్టింది. కేంద్రకంలో బీటా ఉన్న మగవాళ్ళు ఎక్కువ కాలం బతికారు, ఆడవాళ్ళలో ఆ మేలు లేదు. జపాన్‌లోనే సెండాయ్ బృందం ప్రొజెస్టెరోన్ రిసెప్టర్ ఉన్నవాళ్ళ పరిస్థితి మెరుగని చెప్పింది. 2007లో లాస్ ఏంజిల్స్ నుంచి మరొకటి వచ్చింది. అరొమటేజ్ అనేది శరీరంలో ఈస్ట్రోజెన్ తయారుచేసే ఎంజైము. గడ్డలో అది తక్కువ ఉన్న 65 ఏళ్ళు దాటిన స్త్రీలు ఎక్కువ కాలం బతికారు. అంటే గడ్డ తన ఈస్ట్రోజెన్ తానే వండుకుంటోందన్నమాట. 2011లో పిట్స్‌బర్గ్ బృందం కణద్రవ్యంలో బీటా ఎక్కువ ఉండటం, ప్రొజెస్టెరోన్ రిసెప్టర్ తక్కువ ఉండటం రెండూ చెడ్డ గుర్తులే అంది.

చదువుతుంటే మీకూ తల తిరుగుతోందా? మాకూ తిరిగింది. కేంద్రకంలో బీటా మంచిది, కణద్రవ్యంలో చెడ్డది. మగవాళ్ళకి మంచిది, ఆడవాళ్ళకి తేడా లేదు. ఒకరు ఎంత రంగు పడితే "ఉంది" అన్నారో ఇంకొకరు అంతకే అనలేదు. ఈస్ట్రోజెన్ గడ్డని పెంచేదే అయితే, అది ఎక్కువున్న ఆడవాళ్ళు మగవాళ్ళకన్నా ఎక్కువ కాలం ఎందుకు బతుకుతున్నారు? ఆ ప్రశ్నకి ఈ పత్రాలన్నీ కలిపినా తిన్నని జవాబు లేదు. ప్రోగ్నోస్టిక్ గుర్తు అనిపించుకోవాలంటే ఊరు మారినా, ప్రయోగశాల మారినా అదే మాట చెప్పాలి. ఇది ఆ పరీక్షలో నిలవలేదు. మా అభిప్రాయం ఇంతే.

అయినా ఈస్ట్రోజెన్ సంగతి కొట్టిపారేయడానికి లేదు. దానికి గట్టి సాక్ష్యం సూక్ష్మదర్శిని కింద కాదు, పెద్ద జనాభా ప్రయోగంలో దొరికింది. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో, నెలసరి ఆగిన 16,608 మంది స్త్రీలలో దాదాపు సగం మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిసిన మాత్ర, మిగతా వాళ్ళకి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బు ముప్పు కనబడటంతో 2002లో ఆపేశారు. 2009లో లెక్క చూస్తే, హార్మోన్ తీసుకున్న గుంపులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయినవాళ్ళు 73 మంది, ఉత్తుత్తి మాత్ర గుంపులో 40 మంది. కొత్తగా జబ్బు వచ్చినవాళ్ళ సంఖ్యలో మాత్రం అంత తేడా లేదు. జబ్బు కొత్తగా రప్పించడం కాదు, వచ్చిన జబ్బుని హార్మోన్ వేగంగా నడిపించిందేమోనని అనుమానం. గర్భసంచి తీసేసిన స్త్రీలకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన గుంపులో ఈ పెరుగుదల కనబడలేదు. అక్కడా మళ్ళీ మెలికే.

2011లో జెనీవా క్యాన్సర్ రిజిస్ట్రీ వాళ్ళు రొమ్ము క్యాన్సర్ వచ్చిన 6,655 మంది స్త్రీల రికార్డులు తిరగేశారు. టామోక్సిఫెన్ లాంటి ఈస్ట్రోజెన్ అడ్డు మందులు వాడినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు తక్కువగా కనబడ్డాయి. అది ప్రయోగం కాదు, పాత రికార్డుల లెక్క. అయినా ఆలోచింపజేసే లెక్క. దీన్ని బట్టి కొందరు ఈస్ట్రోజెన్ రిసెప్టర్‌ని పడగొట్టే ఫుల్వెస్ట్రాంట్ అనే ఇంజెక్షన్‌ని ఊపిరితిత్తి క్యాన్సర్ మందులతో కలిపి రోగుల మీద పరీక్షించారు. రోజువారీ వైద్యం మారేంత ఫలితం రాలేదు.

ఈ హార్మోన్ గొడవ ఇలా నడుస్తుండగా పక్క దారిలో వేరే కథ గెలిచింది. 2004లో బోస్టన్‌లోని పరిశోధకులు కొందరి ఊపిరితిత్తి గడ్డల్లో ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్ జన్యువులో మార్పు ఉందనీ, అలాంటి వాళ్ళకి జెఫిటినిబ్ అనే మాత్ర అద్భుతంగా పనిచేస్తోందనీ కనుక్కున్నారు. ఆ మార్పు ఎవరిలో ఎక్కువ? పొగ తాగని వాళ్ళలో, ఆడవాళ్ళలో, ఆసియా వాళ్ళలో, అడినోకార్సినోమా ఉన్నవాళ్ళలో. మన గుంపులో అడుగుతున్న అమ్మలే కదా వీళ్ళు! 2009లో తూర్పు ఆసియాలో 1,217 మంది మీద జరిగిన ఐపాస్ ప్రయోగం దాన్ని తేల్చేసింది. ఆ మార్పు ఉన్నవాళ్ళలో మాత్ర కీమోథెరపీ కన్నా ఎక్కువ కాలం జబ్బుని ఆపింది. మార్పు లేనివాళ్ళలో కీమోయే మేలు. ఇదీ అసలైన ప్రిడిక్టివ్ గుర్తు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఈజీఎఫ్ఆర్ కూడా "రిసెప్టరే", పేరులోనే ఉంది. కానీ అది హార్మోన్ రిసెప్టర్ కాదు, కణం పెరగమని చెప్పే వేరే సంకేతాన్ని అందుకునేది. డాక్టరు "రిసెప్టర్ టెస్టు" అన్నప్పుడు ఇంటికొచ్చేసరికి అది "హార్మోన్ రిసెప్టర్" అయిపోతోంది. మాకు తెలిసిన ఒక కుటుంబం ఊళ్ళో వినికిడి మాట పట్టుకుని ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ రిసెప్టర్ల పరీక్షకి సొంతంగా డబ్బు కట్టి చేయించుకుంది. ఈజీఎఫ్ఆర్ పరీక్ష మాత్రం "తరవాత చూద్దాం" అని మూడు వారాలు ఆగింది. ముక్క పరీక్షకి తీసిన కండ ఎంతో ఉండదు. అన్ని రకాల పరీక్షలకీ కోస్తూ పోతే కావలసిన దానికి మిగలదు. అందుకే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

ఇక 2017లో ఈ కథలో పెద్ద కుదుపు వచ్చింది. స్వీడన్ పరిశోధకులు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ బీటాని గుర్తించడానికి ప్రపంచమంతా వాడుతున్న 13 యాంటీబాడీలని గట్టిగా పరీక్షించారు. నిజంగా బీటాని మాత్రమే పట్టుకునేది ఒక్కటే తేలింది. మిగతావి వేరే ప్రోటీన్లకి కూడా అంటుకునో, అసలు బీటాకే అంటుకోకనో ఉన్నాయి. ఆ ఒక్కదానితో చూస్తే, బీటా ఉందని ఏళ్ళ తరబడి రాసుకున్న రొమ్ములోనే అది కనబడలేదు. అంటే పాత పత్రాల్లో "బీటా ఉంది" అన్న రంగులో ఎంత నిజమో, ఎంత వేరే ప్రోటీనో మళ్ళీ తేల్చుకోవాలి. ఊపిరితిత్తి పత్రాలన్నీ అబద్ధమని దీని అర్థం కాదు. కానీ ఏ యాంటీబాడీతో చూశారన్నది తెలియకుండా "బీటా మంచిది, బీటా చెడ్డది" అనే మాటకి బరువు లేదు. ఇరవై ఏళ్ళ కష్టం అలా సందేహంలో పడటం చదువుతుంటే మాకు బాధే వేసింది. అయితే దాన్ని పట్టుకున్నదీ బీటా పుట్టిన ఆ దేశం శాస్త్రవేత్తలే. ఆ నిజాయితీని మెచ్చుకోవాలి.

కాబట్టి రెండో ప్రశ్నకి జవాబు: ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఎంతకాలం బతుకుతారో చెప్పడానికి హార్మోన్ రిసెప్టర్ల పరీక్ష ఇవాళ ప్రామాణిక వైద్యంలో భాగం కాదు. ముదిరిన అడినోకార్సినోమాలో అడగవలసినవి ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్ఓఎస్1 లాంటి జన్యు పరీక్షలు, పీడీ-ఎల్1 పరీక్ష. ఏవి, ఎప్పుడు అన్నది మీ ఆంకాలజిస్టు చెబుతారు. బెంగళూరు కిద్వాయి, చెన్నై అడయారు, ముంబై టాటా, కటక్ ఆచార్య హరిహర, పుదుచ్చేరి జిప్మర్... మనం ఉన్న ప్రతి రాష్ట్రంలోనూ, యానాం వాళ్ళకి సైతం, అడగదగిన ప్రభుత్వ, ధర్మ సంస్థలున్నాయి.

మరి కొందరి ఊపిరితిత్తి రిపోర్టులో ఈస్ట్రోజెన్ రిసెప్టర్ గీత ఎందుకు కనబడుతుంది? దానికి వేరే కారణముంది. గతంలో రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గిన స్త్రీకి ఊపిరితిత్తిలో కొత్త గడ్డ కనబడితే, అది పాత రొమ్ము జబ్బు పాకిందా, లేక ఊపిరితిత్తిలోనే కొత్తగా పుట్టిందా తేల్చాలి. రెండింటికీ వైద్యం పూర్తిగా వేరు. అందుకు పాథాలజిస్టు టీటీఎఫ్-1, నాప్సిన్, గాటా3, ఈస్ట్రోజెన్ రిసెప్టర్... ఇలా నాలుగైదు రంగులు వేసి చూస్తారు. టీటీఎఫ్-1 ఉంటే ఊపిరితిత్తి వైపు మొగ్గు, గాటా3 ఉంటే రొమ్ము వైపు. ఇంతకుముందు చెప్పుకున్న తికమక ఇక్కడా ఉంది. కొన్ని యాంటీబాడీలతో ఊపిరితిత్తిలోనే పుట్టిన గడ్డకి కూడా ఈస్ట్రోజెన్ రంగు పడుతుంది. అందుకే ఆ ఒక్క రంగు చూసి రొమ్ము నుంచి పాకిందని ఎవరూ తేల్చరు.

అలాంటి సందర్భంలో పాథాలజిస్టుకి అన్నిటికన్నా ఉపయోగపడేది పాత రొమ్ము గడ్డ ముక్క. మైనంలో పోసి దాచిన ఆ ముక్కని బ్లాకు అంటారు. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి పాథాలజీ విభాగంలో అది ఉంటుంది, రోగి తరఫున దరఖాస్తు పెడితే ఇస్తారు. పాత రిపోర్టు నంబరు ఉంటే వెతకడం సులువు. బరంపురంలో ఆపరేషన్ అయి, ఇప్పుడు బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటున్న అమ్మ విషయంలో ఆ ముక్క బరంపురంలోనే ఉండిపోతుంది. ఎవరైనా వెళ్ళి తేవాలి. మీకు అక్కడ మనుషులు లేకపోతే గుంపులో రాయండి, ఆ ఊళ్ళో ఉన్న మన సభ్యుల్లో ఒకరు వెళ్ళి తెచ్చిపెడతారు. రిపోర్టు మొదటి పేజీ ఫోటో, రోగి సంతకం చేసిన కాగితం మాత్రం పంపాలి.